శిక్షణ ఆరో వారం కోసం ఇవ్వాలి

వయోజన విద్యా కేంద్రం మొదటి రోజు ఎప్పుడూ బాగానే నడుస్తుంది. సర్పంచి వస్తారు, పలకలు పంచుతారు, ఫొటోలు దిగుతారు, పేరు రాయించుకున్న వాళ్లంతా చూడ్డానికైనా వస్తారు. రెండు మూడు వారాల దాకా ఆ ఊపు ఉంటుంది. అయిదో వారం, ఆరో వారం వచ్చేసరికి చాపలు సగం ఖాళీ. కేంద్రం ఊళ్లో బతుకుతుందా, రిజిస్టరులోనే మిగులుతుందా అన్నది ఆ రోజుల్లోనే తేలిపోతుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కేంద్రాల నిర్వాహకులకు ఇచ్చే శిక్షణ మీద నా అభ్యంతరమంతా ఇదే. అది మొదటి రోజుకు మనిషిని తయారు చేస్తుంది, ఆరో వారానికి చేయదు.

నిర్వాహకులంటే ఎవరో ముందే చెప్పుకోవాలి. పాఠం చెప్పే వలంటీరు వేరు. ఎనిమిదో పదో కేంద్రాలను కనిపెట్టుకుని తిరిగే మనిషి నిర్వాహకురాలు. వలంటీరును వెతికి పట్టుకోవడం, చోటు కుదర్చడం, రాని వాళ్ల ఇంటికి వెళ్లడం, పంచాయతీతో మాట్లాడడం, పరీక్షకు తీసుకెళ్లడం అన్నీ ఆమె మీదే పడతాయి. పథకం ఏదైనా, ఆ ఉద్యోగానికి ఏ పేరు పెట్టినా, ఈ మనిషి గట్టిగా లేని చోట కేంద్రాలు నిలవవు.

పథకాలైతే చాలానే చూశాం. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 15 నుంచి 35 ఏళ్ల వాళ్లను లెక్కలోకి తీసుకుంది. 30 మందికి ఒక కేంద్రం, 30 కేంద్రాలకు ఒక సూపర్‌వైజరు. 1988 మే 5న జాతీయ అక్షరాస్యతా మిషన్ వచ్చింది. జిల్లాకు జిల్లానే కదిలించిన సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమాలు దాని కిందే నడిచాయి. మూడు వాచకాలు, 200 గంటలు, వాచకానికి మూడు చొప్పున తొమ్మిది పరీక్షలు, జీతం లేని వలంటీర్లు. 2009 సెప్టెంబరు 8న సాక్షర భారత్ మొదలై పంచాయతీకి ఇద్దరు ప్రేరక్‌లను, అంటే కేంద్రం నడిపే కార్యకర్తలను, పెట్టింది. నెలకు 2,000 రూపాయల గౌరవ వేతనం. అది 2018 మార్చితో ఆగిపోయింది. 2022 నుంచి 2027 దాకా నడిచే ఉల్లాస్ మళ్లీ వలంటీర్ల దారే పట్టింది. ఈసారి చేతిలో ఫోను, ఫోనులో యాప్ అదనం.

పేర్లూ వేతనాలూ మారాయి గానీ శిక్షణ పద్ధతి పెద్దగా మారలేదు. రాష్ట్రంలో నేర్చుకున్న వాళ్లు జిల్లాకు చెబుతారు, జిల్లా వాళ్లు మండలానికి, మండలం వాళ్లు ఊరికి. ఒక్కో మెట్టు దిగేకొద్దీ ఏదో ఒకటి జారిపోతుంది. జారిపోయేది ఉపన్యాసం కాదు. నోటితో చెప్పింది నోటితో కిందికి దిగుతూనే ఉంటుంది. చేతితో చేసి చూపించాల్సింది ముందు పోతుంది. నలభై ఏళ్ల చేతికి బలపం ఎలా పట్టించాలి, తప్పు చదివిన మనిషిని నలుగురిలో చిన్నబుచ్చకుండా ఎలా సరిదిద్దాలి, మాట్లాడని మనిషి చేత ఎలా మాట్లాడించాలి, ఇవన్నీ రెండో మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఊరికి చేరేసరికి అక్షరాస్యత ప్రాముఖ్యం ఒక్కటే మిగులుతుంది. అది ఊళ్లో అందరికీ ముందే తెలుసు.

2011 జనగణనలో ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత 71 శాతం పైచిలుకు. ఆడవాళ్లకూ మగవాళ్లకూ మధ్య దాదాపు 16 పాయింట్ల తేడా. అంటే ఇక్కడ మిగిలిన పనిలో ఎక్కువ భాగం నడివయసు దాటిన ఆడవాళ్ల దగ్గరే ఉంది. వాళ్లలో చాలామంది పాలు పోస్తారు, కూలికి పోతారు, పొదుపు సంఘంలో ఉంటారు, మనవళ్లను సాకుతారు. చదువు విలువ గురించి వాళ్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. వాళ్ల రోజులో గంటన్నర ఎక్కడ దొరుకుతుందో, ఆ గంటన్నర ఎందుకు చేజారుతుందో నిర్వాహకురాలికి తెలియాలి.

పన్నెండు రోజులు, మూడు విడతలు

వరసగా అయిదు రోజులు కూర్చోబెట్టి సర్టిఫికెట్ ఇచ్చి పంపే పద్ధతిని వదిలేయాలి. పన్నెండు రోజులను మూడు ముక్కలు చేయాలి. మొదట 5 రోజులు, ఆరు వారాలు కేంద్రాలు నడిపాక 4 రోజులు, పరీక్షకు నెల ముందు 3 రోజులు. జట్టుకు 24 మంది మించకూడదు. నలుగురేసి ఆరు గుంపులు. శిక్షకులు ఇద్దరు, వాళ్లతో పాటు సొంతంగా ఏడాదైనా కేంద్రం నడిపిన ఒక మహిళ. ఈ మూడో మనిషి విషయంలో రాజీ పడొద్దు. విశ్వవిద్యాలయం నుంచి వచ్చే వాళ్లతో సమానంగా ఆమెకు కుర్చీ, సమానంగా పారితోషికం ఇవ్వాలి. తిరుపతిలో శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయానికి వయోజన విద్యా విభాగమే ఉంది. చదువుకున్న వాళ్లకు మనకు కొదవ లేదు. కొదవల్లా కేంద్రంలో కూర్చున్న వాళ్లను శిక్షకులుగా పిలవడంలోనే.

శిక్షణ ఎక్కడ పెట్టాలన్నది కూడా చిన్న విషయం కాదు. జిల్లా కేంద్రంలో హాలు సౌకర్యమే. కానీ సాయంత్రం నడిచి వెళ్లడానికి దగ్గర్లో ఊరు ఉండదు. మండల కేంద్రంలో బడి గానీ సమాఖ్య భవనం గానీ చాలు. రెండు మూడు కిలోమీటర్లలో అయిదారు పల్లెలు ఉండాలి. పగలు పాఠం, సాయంత్రం ఊరు. శిక్షణకు వచ్చే ఆడవాళ్లకు కూలి పోతుంది, ఇంట్లో చంటిపిల్లలు ఉంటారు, ఆఖరి బస్సు ఏడున్నరకే పోవచ్చు. రాత్రి బస, పిల్లల్ని చూసుకునే ఒక మనిషి, పోయిన కూలికి సరిపడా భత్యం అదే రోజు చేతికి, ఈ మూడూ బడ్జెట్‌లో మొదటి వరసలోనే రాయాలి. బ్యాగులకూ బ్యానర్లకూ పెట్టే డబ్బుతో ఇందులో చాలా భాగం సర్దుకోవచ్చు.

మొదటి రోజు సాయంత్రమే ఊళ్లోకి పంపాలి. సర్వే పేరుతో ఇల్లిల్లూ తిరిగి "నీకు చదువొచ్చా?" అని అడిగితే సగం మంది వచ్చనే అంటారు. వాకిట్లో నిలబెట్టి అడిగే ప్రశ్న కాదది. సంతకం వచ్చిన వాళ్లు కూడా చదువొచ్చినట్టే చెప్పుకుంటారు. గోడ మీదున్న క్యాలెండరు చూపించి "ఈ నెల అమావాస్య ఎప్పుడో చూడమ్మా" అంటే తెలిసిపోతుంది. చదవగలిగితే చూసి చెబుతుంది, లేకపోతే "మా పిల్లోడు చెప్తాడుండు" అంటుంది. ఇంకో పద్ధతి, పొదుపు పుస్తకం తెప్పించి ఆఖరి కట్టుబడి ఎంతో చూపమనడం. ఎవరినీ చిన్నబుచ్చకుండా పని జరిగిపోతుంది.

అదే సాయంత్రం ఊరి రోజునూ ఊరి ఏడాదినీ గీసుకురావాలి. పాల కేంద్రం ఎన్నింటికి తెరుస్తారు, నీళ్లు ఎప్పుడు వదులుతారు, ఏ పనికి ఎవరు ఎప్పుడు వెళ్తారు. ఏడాదికొస్తే మే నుంచి జూలై దాకా మామిడి, వానలు పడగానే శనక్కాయ విత్తడం, అక్టోబరు, నవంబరుల్లో పీకడం, అదే సమయానికి ఈశాన్య రుతుపవనాల వానలు. ఎండాకాలంలో ద్రౌపదమ్మ గుడి ఉన్న ఊళ్లలో పద్దెనిమిది రోజుల భారతం. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధి నాటకం. ఆ పద్దెనిమిది రోజులూ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో కేంద్రం నడవదు. నడపాలని చూడటమే తప్పు. జూన్‌లో ప్రారంభించాలని పై నుంచి ఆదేశం వస్తే, అది మామిడి తోటల్లోనూ గుజ్జు ఫ్యాక్టరీల్లోనూ పని ముమ్మరంగా ఉండే నెల అని నిర్వాహకురాలు కాగితం మీద లెక్క చూపించి చెప్పగలగాలి.

ఆ లెక్క శిక్షణలో ప్రతి ఒక్కరి చేతా చేయించాలి. 200 గంటలు కావాలనుకుందాం. రోజుకు గంటన్నర, వారానికి ఆరు రోజులు అంటే వారానికి 9 గంటలు, మొత్తం 22 వారాల పైన. డిసెంబరు మొదటి వారంలో మొదలుపెడితే మే మొదటి వారానికి అవుతుంది. మామిడి కోతలకు ముందే ముగుస్తుంది. సంక్రాంతికి ఒక వారం, ఊరి జాతరకు రెండు మూడు రోజులు తీసేస్తే అంచు మీద ఉన్నట్టు లెక్క. రోజుకు రెండు గంటలు పెడితే తొందరగా అయిపోతుందని ఎవరో ఒకరు అంటారు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పాలు పిండిన మనిషి రాత్రి ఎనిమిదిన్నర తర్వాత కళ్లు తెరిచి కూర్చోలేదు. రెండో గంట నిద్రకే పోతుంది.

అక్షరాల దగ్గర

నిర్వాహకురాలు తానే పాఠం చెప్పకపోయినా, వలంటీరు చెప్పే పాఠంలో తప్పెక్కడుందో పట్టుకోగలగాలి. అందుకే మొదటి విడతలో రెండు సాయంత్రాలు నిజమైన పెద్దవాళ్లకు పాఠం చెప్పించాలి. శిక్షణార్థులే చదువురాని వాళ్లలా నటించే పద్ధతి పనికిరాదు. నవ్వులాటలో పోతుంది. పైగా చదువొచ్చిన మనిషి రానట్టు నటిస్తే, రాని మనిషి ఎక్కడ ఆగిపోతుందో బయటపడదు. గుంపులో నలుగురికీ నాలుగు పనులు. ఒకరు ఇరవై నిమిషాలు పాఠం చెబుతారు. ఇంకొకరు చదువుకునే వాళ్ల చేతులనే చూస్తారు, పలక మీద ఏ అక్షరం ఎటు నుంచి మొదలుపెడుతున్నారో రాసుకుంటారు. మూడో మనిషి గడియారం పట్టుకుని, చెప్పేవాళ్లు ఎన్ని నిమిషాలు మాట్లాడారో లెక్కేస్తారు. నాలుగో మనిషి నోరు విప్పని వాళ్ల పేర్లు రాస్తారు. మర్నాడు పొద్దున్నే ఆ మూడు కాగితాలూ ముందు పెట్టుకుని మాట్లాడాలి. ఇరవైలో పది నిమిషాలకు మించి టీచరే మాట్లాడి ఉంటే, ఆ పాఠం ఇంకోసారి.

తెలుగు లిపిలో పెద్దవాళ్లు తడబడే చోట్లు ఎప్పుడూ ఒకటే, కాబట్టి వాటిని ముందుగానే నేర్పొచ్చు. అ ఆ ఇ ఈ వరసలో మొదలుపెడితే 'ఋ' దగ్గరికి వచ్చేసరికి పది రోజులు పోతాయి, చదవడానికి ఒక్క మాటా చేతికి రాదు. పలక, తల, గడప లాంటి మాటలతో మొదలుపెడితే మొదటి వారంలోనే మాట చదివిన ఆనందం దక్కుతుంది. ప, వ, మ, య ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. న, స కూడా అంతే. ఒక జట్టులోని రెండు అక్షరాలను ఒకే వారం నేర్పకూడదు. ముందు ఒకటి గట్టిపడి, అయిదారు మాటల్లో కనబడ్డాక రెండోది. ధ, భ, ఘ లాంటివి చివరికి. మన పల్లెల్లో 'ధర'ను 'దర' అనే పలుకుతారు. చెవికి తేడా వినబడని అక్షరాన్ని కంటికి మాత్రమే నేర్పాలి కాబట్టి, మిగతావన్నీ నిలబడ్డాకే అది సాధ్యం.

అసలు గండం వత్తులది. నోటికి తేలికైన మాటలే రాతకు కష్టం. అమ్మ, అన్న, అక్క, అత్త, అయ్య, పిల్ల, అన్నిట్లోనూ వత్తులే. పైగా త, న, మ, య, ర, ల వత్తులు వాటి అక్షరాల్లాగా ఉండవు, కొత్త గుర్తులుగా గుర్తుపెట్టుకోవాలి. మామూలుగా నడిచే కేంద్రంలో గుణింతాలు సగంలో ఉండగానే ఈ వత్తులు వచ్చి పడేది అయిదో వారానికి అటూ ఇటూగా. అప్పటిదాకా చకచకా చదివిన మనిషి ఒక్కసారిగా ఆగిపోతుంది. తనకే బుర్ర లేదనుకుంటుంది. మర్నాడు రాదు. దీన్ని శ్రద్ధ తగ్గిందని రిజిస్టరులో రాసేస్తారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసిన నిర్వాహకురాలు ఆ వారం ప్రతి కేంద్రానికీ వెళ్తుంది. కొత్త పాఠం ఆపించి, రోజుకు ఒక్క వత్తు చొప్పున, అప్పటికే చదవగలిగిన మాటల్లోనే చూపించమంటుంది. ఆరో వారం ఖాళీల్లో కొన్నయినా ఇలా ఆగుతాయి.

పేరు రాయడం మొదటి రోజే మొదలుపెట్టాలి. వత్తులున్నా సరే, పేరును బొమ్మలా నేర్చుకోనివ్వాలి. మన వైపు మునెమ్మలూ గంగమ్మలూ కుప్పమ్మలూ ఎక్కువ, అందరి పేర్లలోనూ మకార వత్తే. తర్వాత 'మ్మ' పాఠం వచ్చినప్పుడు అది వాళ్లకు పాత చుట్టం అవుతుంది. ఒక జాగ్రత్త: ఆధార్ కార్డులో పేరు ఎలా ఉందో చూసి అదే రాయించాలి. బ్యాంకులో ఒక పేరు, కార్డులో ఒక పేరు ఉంటే ఆ సంగతి కేంద్రంలోనే బయటపడుతుంది. దాన్ని సరిచేయించడం నిర్వాహకురాలి పనిలో భాగమే.

సత్యవేడు, నగరి, కుప్పం వైపు ఇంట్లో తమిళం మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. కుప్పం, పలమనేరు వైపు కన్నడం కూడా. సుగాలి తండాల్లో ఇంటి మాట వేరు. అక్కడ వాచకంలోని మాట అర్థం కాక ఆగారా, అక్షరం రాక ఆగారా అని విడదీసి చూడటం శిక్షణలో నేర్పాలి. ఆ ఊరి మాటనే తెలుగు లిపిలో బోర్డు మీద రాస్తే కొంపలేం మునగవు. లిపి చేతికొచ్చాక వాచకం మాటలు వాటంతటవే వస్తాయి.

కళ్ల సంగతి ఎవరూ పాఠంగా చెప్పరు గానీ చెప్పి తీరాలి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గుతుంది. కేంద్రానికి వచ్చే వాళ్లలో ఎక్కువ మంది ఆ వయసు వాళ్లే. చేరిన మొదటి వారంలో ప్రతి ఒక్కరినీ "సూదిలో దారం ఎక్కించగలవా అక్కా?" అని అడగాలి. లేదన్న వాళ్ల పేర్లు విడిగా రాసి కంటి పరీక్షకు పంపాలి. చాలామందికి ప్లస్ ఒకటి నుంచి ప్లస్ రెండున్నర లోపు దగ్గరి అద్దాలు సరిపోతాయి. అద్దాలు వచ్చేదాకా వాళ్లను బోర్డు మీదే చదివించాలి, పుస్తకం ఇవ్వకూడదు. బోర్డు కనీసం నాలుగడుగులు మూడడుగులు, అక్షరం మూడు అంగుళాల ఎత్తు, బల్బు బోర్డుకు ఎదురుగా. బల్బు బోర్డు పక్కనే ఉంటే వెలుగు కళ్లలో పడి రాత కనపడదు. కరెంటు పోతే ఛార్జింగు లైటు ఎవరింట్లో ఉంటుందో, ఎవరు తెస్తారో ముందే అనుకోవాలి. నేల మీద వంగి రాస్తే పావుగంటకే నడుం పట్టేస్తుంది. పలక కింద పెట్టుకోవడానికి పీట గానీ అట్టపెట్టె గానీ ఉండాలి.

లెక్కలు వాళ్లకు ముందే వచ్చు

లెక్కల్లో శిక్షణ మరీ బలహీనం. ఒకటి నుంచి వంద దాకా అంకెలు, కూడికలు, తీసివేతలు అంటూ చిన్నపిల్లల వరసలోనే చెబుతారు. సంతలో నోటి లెక్కతో నెగ్గుకొచ్చే మనిషికి కావాల్సింది కూడిక కాదు. కాగితం మీదున్న అంకెను తన నోటి లెక్కతో కలపడం కావాలి.

నిర్వాహకులకు ముందు మూడు కాగితాల మీద సాధన చేయించాలి. మొదటిది పాల చీటీ. వెన్న శాతం 3.5 ఒక రోజు, 3.12 ఇంకో రోజు ఉంటే, ఏది ఎక్కువని అడిగితే చాలామంది 3.12 అంటారు, పన్నెండు అయిదు కంటే పెద్దది కాబట్టి. మూడు రూపాయల యాభై పైసలు, మూడు రూపాయల పన్నెండు పైసలు అని చదివిస్తే ఆ క్షణంలోనే తెలిసిపోతుంది. దశాంశం అనే మాటే వాడక్కర్లేదు.

రెండోది మామిడి కాటా చీటీ. బండితో సహా 4,860 కిలోలు, ఖాళీ బండి 1,920, కాయ బరువు 2,940. నూటికి అయిదు తరుగు తీస్తే 147 పోయి 2,793 మీద డబ్బు లెక్కేస్తారు. ఇందులో మూడు చోట్ల తేడా రావచ్చు. ఖాళీ బండిని నిజంగా తూచారా లేక పాత అంకె రాశారా, తరుగు ముందు చెప్పినంతే తీశారా, ధర టన్నుకా కిలోకా. ఈ మూడు ప్రశ్నలూ అడగగలిగిన రైతు భార్య లెక్కల పాఠం పూర్తి చేసినట్టే.

మూడోది వడ్డీ. నూటికి రెండు రూపాయలంటే నెలకు రెండు. పదివేలకు నెలకు 200, ఏడాదికి 2,400. బ్యాంకు వాళ్లు చెప్పే శాతం ఏడాదికి. కాబట్టి ఊరి రెండు రూపాయల వడ్డీ బ్యాంకు భాషలో 24 శాతం. ఈ వంతెన దాటించకపోతే సంఘం అప్పునూ ఊరి అప్పునూ పోల్చలేరు. రోజువారీ ఫైనాన్స్ ఇంకా లోతు. పదివేలని రాసుకుని ముందే వెయ్యి పట్టుకుని 9,000 చేతికిస్తారు, రోజుకు 100 చొప్పున నూరు రోజులు కట్టాలి. వెయ్యేగా వడ్డీ అనిపిస్తుంది. అయితే తీసుకున్న సొమ్ము రోజురోజుకూ తరిగిపోతుంది కాబట్టి నూరు రోజుల్లో సగటున చేతిలో ఉండేది 4,500 దగ్గరే. దాని మీద మూడు నెలల పది రోజులకు వెయ్యి అంటే నెలకు నూటికి ఆరున్నర పైనే. ఈ లెక్కను గింజలతో నేల మీద పేర్చి చూపించాలి. శిక్షణలో దీనికి ఒక పూట పూర్తిగా కేటాయించాలి, ఎందుకంటే నిర్వాహకుల్లో కూడా చాలామందికి ఇది కొత్తే.

రెండో విడత: రిజిస్టర్లు తెచ్చుకోండి

ఆరు వారాల తర్వాత వచ్చే నాలుగు రోజుల్లో ఉపన్యాసం ఒక్కటీ ఉండకూడదు. ప్రతి నిర్వాహకురాలూ తన కేంద్రాల హాజరు పట్టీలు తెస్తుంది. రాని వాళ్ల పేర్లు ఒక్కొక్కటీ చీటీ మీద రాసి, కారణాన్ని బట్టి కుప్పలు వేయాలి. పని కుదరక, కన్ను కనపడక, సిగ్గుపడి, ఇంట్లో ఒప్పుకోక, పాఠం అందక, వలంటీరుతో పడక. 'తెలియదు' అనే కుప్ప కూడా ఉంటుంది, మొదటిసారి అదే పెద్దది. తెలియదన్న వాళ్ల ఇళ్లకు ఆ సాయంత్రమే వెళ్లి రావాలి.

ఒక్కో కుప్పకు మందు వేరు. పని కుదరకపోతే వేళ మార్చాలి, లేదా వాకిట్లోనే ముగ్గురితో చిన్న జట్టు పెట్టాలి. పాఠం అందని వాళ్ల కోసం రోజూ పాఠానికి ముందు పావుగంట పాత మాటలు. వలంటీరుతో పడకపోవడంలో సాధారణంగా దాగి ఉండేది పిలుపు. ఇరవై ఏళ్ల అమ్మాయి తన అత్త వయసు మనిషిని పేరు పెట్టి పిలిచి, "ఇది కూడా రాదా?" అంటే ఆ మనిషి మళ్లీ గడప తొక్కదు. అత్తా, పెద్దమ్మా, అక్కా అని వరస కలిపి పిలవమని చెప్పాలి. కులాన్ని బట్టి ఒకరిని వరస పెట్టి, ఇంకొకరిని పేరు పెట్టి పిలవడం జరిగితే దాన్ని అక్కడికక్కడే ఆపాలి. కేంద్రం ఎవరి వీధిలో ఉందన్నది కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఊరి నడుమ గుడి అరుగు మీద పెడితే దళితవాడ నుంచి ఎవరూ రాకపోవచ్చు. ఆ సంగతి ఏ హాజరు పట్టీలోనూ కారణంగా రాసి ఉండదు.

ఇంటికి వెళ్లడంలో ఒక పద్ధతి ఉంది. వరసగా మూడు రోజులు రాకపోతే నాలుగో రోజు వెళ్లాలి. పది రోజులు దాటితే తిరిగి రావడం చాలా కష్టం. "ఎందుకు రాలేదు?" అని మొదలుపెట్టకూడదు.

"ఏం పెద్దమ్మా, ఆవు ఈనిందంట గదా, దూడ బాగుందా?"

"బాగుండాది లేమ్మా. ఇంగ నేను రాను, నా బుర్రకి ఎక్కేట్లేదు."

"నీ బుర్రకి పాల లెక్క నెలంతా గుర్తుంటాది. నీకు ఎక్కనిది వత్తు, అది అందరికీ కష్టమే. రేపు పావుగంట ముందొస్తే ఇద్దరం కూర్చుని చూద్దాం."

ఈ మాటలే కంఠతా పట్టమని కాదు. పని గురించి అడగడం, ఆగిపోయిన చోటు ఏదో పేరు పెట్టి చెప్పడం, రేపటికి ఒక చిన్న పని ఒప్పించడం, ఈ మూడూ ఉంటే చాలు. రెండో విడతలో దీన్ని ఒక్కొక్కరూ కనీసం నాలుగిళ్లలో చేయాలి, పక్కన ఇంకొకరు విని రాసుకోవాలి.

రెండో విడతలోనే చర్చ నడపడం నేర్పాలి. వాచకంలో పాఠం చదివాక దాని మీద మాట్లాడించడం మిగతా అన్నిటికంటే కష్టమైన పని, అందుకే ఎక్కువ మంది దాటేస్తారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు సారా దుకాణం మీద తిరగబడటం వెనక అక్షరాస్యతా కేంద్రాలు, వాచకంలోని ఒక పాఠం, దాని మీద నడిచిన మాటలు ఉన్నాయి. అది జిల్లాలు దాటి రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం దాకా వెళ్లింది. ఈ కథ ప్రతి శిక్షణలోనూ గర్వంగా చెబుతారు. ఇలాంటిది తన కేంద్రంలో మొదలైతే మర్నాడు ఏం చేయాలో మాత్రం నిర్వాహకురాలికి చెప్పరు. ఆడవాళ్లు బెల్టు షాపు గురించో చౌక దుకాణం తూకం గురించో మాట్లాడటం మొదలుపెడితే, మొదటి ఫోను ఆమెకే వస్తుంది, కేంద్రం మూసేయమని. అర్జీ ఎలా రాయాలి, ఎవరి పేరుతో ఇవ్వాలి, తహసీల్దారు కార్యాలయంలో రసీదు ఎలా తీసుకోవాలి, గ్రామసభలో ఎప్పుడు ఎత్తాలి, తాను ముందు నిలబడకుండా వాళ్లనే ఎలా నిలబెట్టాలి, ఇవన్నీ ఆ నాలుగు రోజుల్లో చేసి చూడాలి. నిర్వాహకురాలు ఉద్యమ నాయకురాలు కానక్కర్లేదు. కానీ భయపడి చర్చ ఆపించే మనిషి అయితే ఆ కేంద్రం అక్షరాల దుకాణంగా మిగిలిపోతుంది.

పరీక్ష, ఆ తర్వాత

ఉల్లాస్ పరీక్ష 150 మార్కులకు. చదవడం 50, రాయడం 50, లెక్కలు 50. మూడో విడత ఈ పరీక్షకు నెల ముందు. పరీక్ష రాయించడంలో వచ్చే ఒత్తిడి గురించి మొహమాటం లేకుండా మాట్లాడాలి. సంఖ్య చూపించాలని పై నుంచి అడిగినప్పుడు, చదువొచ్చిన కోడలిని అత్త స్థానంలో కూర్చోబెట్టడం, జవాబులు బోర్డు మీద రాసి చూసి రాయించడం జరుగుతాయి. అలా వచ్చిన సర్టిఫికెట్ ఆ మనిషికి కీడే చేస్తుంది. ఒకసారి అక్షరాస్యురాలని లెక్కలో పడితే ఆమె కోసం ఇంకో పథకం రాదు. పరీక్షకు తయారుగా లేని వాళ్లను తర్వాతిసారికి ఉంచే హక్కు నిర్వాహకురాలికి ఉండాలి. అందుకు ఆమెను తప్పుపట్టకూడదు. యాప్‌లో నమోదు చేయడం ఎంత తొందరగా నేర్పుతున్నామో, నమోదు చేయకూడనిది ఏదో కూడా అంత స్పష్టంగా నేర్పాలి.

మిగిలిన రెండు రోజులూ చదువు నిలబెట్టడానికి. కొత్తగా చదవడం వచ్చిన పెద్దవాళ్లకు చదవడానికి ఏమీ లేకపోతే ఏడాది తిరక్కుండానే మళ్లీ సంతకం దగ్గరికి జారిపోతారు. దినపత్రిక అక్షరం చిన్నది, వాక్యం పొడుగు. ఆంధ్రదేశంలో గ్రంథాలయోద్యమాన్నీ వయోజన విద్యనూ ఒకే పనిగా చూసిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు లాంటి వాళ్ల దారి మనం ఎందుకో వదిలేశాం. శాఖా గ్రంథాలయం ఉన్న చోట దానితో, లేని చోట పొదుపు సంఘం గదిలో ఒక అలమరాతో మొదలుపెట్టొచ్చు. అందులో పెట్టడానికి చదువు నేర్చుకున్న వాళ్లు చెప్పిందే రాయించాలి. ఒకరు చెబుతారు, వలంటీరు వాళ్ల మాటల్లోనే రాసుకుంటుంది. అరవై నుంచి ఎనభై మాటలు, ఒకే కాగితం, వాక్యానికి ఆరేడు మాటలకు మించకుండా, పెద్ద అక్షరాల్లో. ఆవుకు పొదుగు వాపు వస్తే ఏం చేసింది, తిరుపతి ఆసుపత్రిలో చీటీ ఎక్కడ రాయించుకోవాలి, భారతంలో ఈసారి ద్రౌపది వేషం ఎవరు కట్టారు, ఏదైనా సరే. మూడో విడతలో ప్రతి నిర్వాహకురాలూ ఇలాంటివి మూడు తయారు చేసుకు రావాలి. 24 మందికి 72 కాగితాలు. జిరాక్సు తీసి, ఒకరి కాగితాలు ఇంకొకరి కేంద్రాలకు పంచుకుని ఇంటికి వెళ్లాలి. పుంగనూరు మునెమ్మ చెప్పింది శ్రీకాళహస్తిలో గంగమ్మ చదువుతుంది, ఆ నెలాఖరుకు జవాబు రాసే ప్రయత్నం చేస్తుంది. ఆ జవాబులు మోసే బాధ్యత ఎవరిదో, నెలకు ఏ రోజున చేరాలో, ఆ చివరి మధ్యాహ్నమే పేర్లతో సహా రాసుకోవాలి.